కుడిచేతి బొటనవేలు

ఆ ఉదయం పేపర్లో రూఫస్ గ్రాడీ ఫోటో పడింది. మైలో ప్రెంటిస్‌కి కాఫీ చేదెక్కడానికి అది చాలు.

గ్రాడీ ఒకప్పుడు అతని కింద పనిచేసినవాడు. శవాన్ని ముట్టుకునే ముందు చుట్టూ నేల చూడాలని, సాక్షి చెప్పేదానికన్నా చెప్పనిది ముఖ్యమని నేర్పింది ప్రెంటిసే. ఇప్పుడా శిష్యుడు ఊళ్ళో పోలీసు లెఫ్టినెంటు. బొచ్చు కాలరు కోటు, సొంతంగా మోటారు కారు, పేపర్లో ఫోటో. ప్రెంటిస్‌కి మాత్రం ప్రైవేటు డిటెక్టివ్ అన్న రేకుబోర్డు మిగిలింది. ఫోటో కింద వార్త మరీ మంటగా ఉంది: "హాలోవెల్ మోటార్ కంపెనీలో ప్రమాదం. ఇంజన్ తిప్పే హ్యాండిల్ ఎదురుతన్ని యువ ఇంజనీరు ఓరిన్ హాస్కెల్‌కు ప్రాణాపాయం. ఒక్క చూపులోనే తేల్చేసిన లెఫ్టినెంట్ గ్రాడీ."

"ఒక్క చూపట!" అని పేపరు మడిచి పొయ్యిలో పడేశాడు ప్రెంటిస్. తర్వాత టోపీ పెట్టుకుని ఆస్పత్రికి బయలుదేరాడు, ఓరిన్ భార్య కబురు పంపింది కనక.

ఓరిన్ స్పృహలో లేడు. తల చుట్టూ, దవడ కిందా కట్లు. కుడిచెయ్యి చెక్కబద్దల మధ్య బిగించి ఉంది. దవడ విరిగిందనీ, కుడి బొటనవేలు మొదట్లో కీలు తప్పి విరిగిందనీ డాక్టరు చెప్పాడు. బతకొచ్చు, బతక్కపోవచ్చు, స్పృహ వస్తే గండం గడిచినట్టే అన్నాడు.

మంచం పక్కన అడిలైన్ హాస్కెల్ కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నా గొంతు గట్టిగానే ఉంది.

"హ్యాండిల్ తిప్పబోతే తన్నిందంటున్నారండీ. మా ఆయన ఆ మిషను తయారుచేసిందే హ్యాండిల్ మీద పగతో. బటన్ నొక్కితే చాలు, మోటారే ఇంజన్ని తిప్పుతుంది. అలాంటి మనిషి రేపు డెట్రాయిట్ నుంచి డైరెక్టర్లు వస్తారనగా హ్యాండిల్ ఎందుకు పట్టుకుంటారు? నేన్నమ్మను."

"నమ్మకు అడిలైన్," అన్నాడు ఆమె వెనక నిలబడ్డ మనిషి. వారెన్ లైల్. ఊళ్ళో ఎలక్ట్రిక్ కార్లు తయారుచేసే కంపెనీ ఆయనది. పెద్దింటి ఆడవాళ్ళంతా ఆయన కార్లలోనే షికారు వెళతారు. సన్నటి మేకతోలు తొడుగులు చేతులకి, అత్తరు వాసన ఒంటికి. "ఆ ఇనప కొక్కేన్ని నేను పుట్టి బుద్ధెరిగాక ముట్టుకోలేదు డిటెక్టివ్ గారూ. మా కార్లకి ఆ గొడవే లేదు. బ్యాటరీ ఉంది, మీట ఉంది. తెల్ల గౌనుతో ఎక్కిన ఆడది తెల్ల గౌనుతోనే దిగుతుంది."

అడిలైన్ పెదవుల మీద చిన్న నవ్వు వచ్చి పోయింది. "పెళ్ళికి ముందు నేనూ వారెన్ కార్లోనే తిరిగేదాన్ని. ఈయన్ని చేసుకున్నాక మా ఇంట్లో ఒక్క ప్యాంటూ బాగులేదు. అన్నీ జల్లెడలే, బ్యాటరీ యాసిడ్ చింది. ఎన్నిసార్లు చెప్పినా లెక్కచేసేవారు కాదు."

లైల్ ఆ నవ్వు వంక ఆకలిగా చూశాడు. ప్రెంటిస్ అది గమనించాడు గానీ పట్టించుకోలేదు. అతని బుర్రలో అప్పుడు గ్రాడీ తప్ప ఇంకెవరికీ చోటు లేదు.

సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గరున్న పోలీసు జవాను కుర్చీ మడిచాడు. "లెఫ్టినెంటుగారి ఆర్డరండీ. ప్రమాదానికి కాపలా దేనికన్నారు."

ఒక్క ఫోను చేస్తే ఆ జవాను అక్కడే ఉండేవాడు. "రూఫస్, దయచేసి ఒక మనిషిని ఉంచు" అంటే సరిపోయేది. ఆ 'దయచేసి' ప్రెంటిస్ గొంతు దాటి రాలేదు.

"వెళ్ళవయ్యా, వెళ్ళు. మీ లెఫ్టినెంటు కన్నా మంచి కాపలా పెట్టుకోవడం మాకూ తెలుసు," అని లైల్ వైపు తిరిగాడు. "మీరు కాసేపు ఇక్కడ కూర్చోగలరా? ఎవర్నీ లోపలికి రానివ్వకండి. ముఖ్యంగా హాలోవెల్ కంపెనీ చీఫ్ ఇంజనీరు వెస్టర్వెల్ట్‌ని, ఓరిన్ అంటే ఆయనకి పడదని ఊరంతా తెలుసు. అమ్మా, మీరు ఇంటికెళ్ళి ఒక కునుకు తీయండి. నర్సుకి కూడా నేను చెప్పి వెళతాను."

"మీరు చెప్పాలా? ఓరిన్ నాకు తమ్ముడి లాంటివాడు," అన్నాడు లైల్. గదిని వెచ్చబెట్టే ఆవిరి గొట్టాల వేడికి ఉక్క పోస్తున్నా ఆయన చేతి తొడుగులు తీయలేదు. షోకిలా అనుకున్నాడు ప్రెంటిస్, అంతే.

* * *

హాలోవెల్ కంపెనీ వెనక షెడ్డులో కారు ఎలా ఉన్నదో అలాగే ఉంది. ముందు భాగంలో హ్యాండిల్ వేలాడుతోంది. దాని కింద సిమెంటు మీద ఎండిన రక్తం. ప్రెంటిస్ ఆ రక్తం చుట్టూ నేల పైపైన చూశాడు, తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని కారు కడుపులోకి చూశాడు. ఇంజన్ పక్కన బిగించిన చిన్న మోటారు పగిలి ఉంది. లోపలి రాగి తీగలన్నీ బయటికి వచ్చి, కాకి చెదరగొట్టిన గూడులా ఉన్నాయి. మాడిన వార్నిషు వాసన ఇంకా పోలేదు.

"బాగా చూసుకోండి. ఓరిన్ హాస్కెల్ గారి మహాద్భుతం!"

ఆ గొంతు గోర్డన్ వెస్టర్వెల్ట్‌ది. నెరిసిన గడ్డం, నోట్లో ఆరిపోయిన పైపు. ఈ కంపెనీ మొదటి కారు గీసింది ఆయనే.

"మీకు సంతోషంగా ఉన్నట్టుందే," అన్నాడు ప్రెంటిస్.

"దాచుకోమంటారా? ఇంజన్ని తిప్పడానికి నేను గాలి సీసా పెట్టాను. గాలి నొక్కి ఉంచితే అదే తోస్తుంది. మూడేళ్ళు దాంతోనే కాపరం చేశాను. డైరెక్టర్లు వచ్చారు, చూశారు, 'బాగుంది గోర్డన్, కానీ అతుకుల్లోంచి గాలి పోతోంది' అన్నారు. తర్వాత ఈ కుర్రవెధవ వచ్చాడు. వాళ్ళు వాడి భుజం తట్టారు. నాకు సిగారు ఇచ్చారు."

"మోటారు ఎందుకు పగిలింది?"

వెస్టర్వెల్ట్ పైపు తీసి దాంతోనే చూపించాడు. "అసలు చిక్కు మీకు తెలియాలి. ఇంత ఇంజన్ని చలిలో కదిలించాలంటే మోటారు ఎంతుండాలి? లెక్క కడితే ఇంజనంత. దాన్ని తిప్పే బ్యాటరీని మోయడానికి ఇంకో కారు కావాలి. నేను కట్టాను ఆ లెక్క. అందరూ కట్టారు. వాడొక్కడే అన్నాడు: 'రోజంతా తిరగమని ఎవరన్నారు సార్? ఒక్క గుక్కలో పని అయిపోవాలి. చిన్న మోటారుకే దాని శక్తికి మించి కరెంటు పోద్దాం. కాలిపోయేలోపు ఇంజన్ అందుకుంటుంది.' మూట ఎత్తి లారీలో పడేసే కూలీ లాగన్నమాట. పడేశాక ఊపిరి తీసుకుంటాడు." పైపు బల్ల మీద పడేశాడు. "నా ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆ ముక్క నాకెందుకు తట్టలేదు? చెప్పండి! రాత్రిళ్ళు పక్క మీద అటూ ఇటూ దొర్లుతుంటే నా పెళ్ళాం దుప్పటి తీసుకుని పక్కగదిలోకి పోతోంది."

ప్రెంటిస్ ఆ మొహంలోకి చూశాడు. పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపించిన మొహం అదే. కడుపుమంట ఎలా ఉంటుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. ఇంతగా కుతకుత ఉడికేవాడు ఏమైనా చేస్తాడని అప్పుడే నిశ్చయించుకున్నాడు.

"పగిలింది ఎందుకో ఇంకా చెప్పలేదు మీరు."

"ఇంజన్ ఒక చుట్టు తిరగడానికి మోటారు ఇరవై చుట్లు తిరగాలి, మధ్యలో పళ్ళచక్రాలున్నాయి. ఇంజన్ అందుకున్నాక ఏమవుతుంది? అది తనంతట తాను పరిగెడుతుంది. అప్పుడు అదే మోటారుని తిప్పుతుంది, ఇరవై రెట్ల వేగంతో. రాగి తీగలు ఆ విసురుకి తట్టుకోలేవు. అందుకే మధ్యలో ఈ క్లచ్. ఒక వైపే పడుతుంది, రెండో వైపు వదిలేస్తుంది. ఇది వదల్లేదు. చలికి గ్రీజు గడ్డకట్టి ఉంటుంది. వాడికి ముందే చెప్పాను."

"విప్పండి."

వెస్టర్వెల్ట్ గొణుక్కుంటూ పానా తీసుకున్నాడు. క్లచ్ మూత ఊడింది. లోపల గుండ్రటి ఉక్కు రోలర్లు, వాటి మధ్య గ్రీజు. వేలు పెట్టి నొక్కితే మెత్తగా దిగింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. వేలితో కెలికి, రెండు రోలర్ల మధ్య నుంచి నలిగిన బూడిదరంగు ముక్కని పైకి తీశాడు.

"సీసం," అన్నాడు నెమ్మదిగా. "ఇది నేను గీసిన ఏ డ్రాయింగులోనూ లేదు. వాడు గీసినదాన్లోనూ లేదు. ఎవడో కావాలని ఇరికించాడు."

* * *

"ఎవడో ఏమిటి సార్? నేలమీద దొరికే చెత్త అంతా ఇంజన్లోకి పోతుంది."

బొచ్చు కాలరు కోటు మీద మంచు దులుపుకుంటూ గ్రాడీ లోపలికి వచ్చాడు. బయట పెరట్లో అతని కారు నిలిచి ఉంది. నోట్లో సిగారు, మొహంలో ఆ ఫోటోలోని నవ్వు.

"నమస్కారం గురువుగారూ! నేను మూసేసిన కేసు తలుపు మీరు తట్టకపోతే మీకు నిద్ర పట్టదే!"

"నువ్వు తెరవకుండానే మూసే అలవాటు పోలేదు కదరా రూఫస్."

"దీన్లో తెరవడానికేముంది? మోటారు పగిలింది. రేపటికల్లా కారు నడవాలి. హాస్కెల్ హ్యాండిల్ పట్టుకున్నాడు. స్టీరింగు కింద స్పార్కు మీట ముందుకి తోసి ఉంది. నిప్పురవ్వ తొందరగా పడితే ఇంజన్ వెనక్కి తిరుగుతుంది, హ్యాండిల్ ఎదురుతంతుంది. బొటనవేలు పోయింది, దవడ పోయింది. ప్రతి చలికాలం ఇలాంటివి ఎన్ని చూడటంలేదు?"

ప్రెంటిస్ సీసం ముక్కని అరచేతిలో పెట్టి చూపించాడు. "చెత్త రెండు రోలర్ల మధ్య ఇంత కొలిచినట్టు దూరదు. ఇది పెట్టినవాడికి క్లచ్ సంగతి తెలుసు. రేపు డైరెక్టర్ల ఎదుట మోటారు పగలాలని పెట్టాడు. హాస్కెల్ ముందే నడిపి చూశాడు, విషయం కనిపెట్టాడు, దెబ్బ తిన్నాడు. ఆ మోటారు పనిచేసిందంటే ఎవరి పేరు పోతుంది? ఎవరికి సిగారు ఇచ్చి సాగనంపారు?" అతను గిర్రున తిరిగాడు. "చెప్పండి వెస్టర్వెల్ట్ గారూ. హ్యాండిల్‌తో దవడ మీద కొట్టారు. పడిపోయాక ఎదురుతన్నినట్టు నమ్మించడానికి బొటనవేలు విరిచారు. అవునా?"

గ్రాడీ నోట్లోంచి సిగారు తీశాడు.

వెస్టర్వెల్ట్ మొహం పాలిపోయింది. "ఏ బొటనవేలు?"

"కుడిది."

ముసలాయన ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి బల్ల పట్టుకున్నాడు.

"ఇటు రండయ్యా, ఇద్దరూ రండి." కారు ముందుకి వెళ్ళి వంగాడు. ఎడమచేత్తో హ్యాండిల్‌ని కింద నుంచి పట్టుకున్నాడు. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉంది, పిడి చుట్టూ తిరగలేదు. "మోటారు పనిలోకి వచ్చిన మొదటి రోజు మాకు నేర్పేది ఇది. ఎడంచెయ్యి. బొటనవేలు వేళ్ళతోపాటే. కింద నుంచి పైకి లాగాలి. తన్నిందా, పిడి వేళ్ళలోంచి జారిపోతుంది, వేలికేం కాదు. ఈ కంపెనీ మొత్తంలో బొటనవేలు చుట్టి కుడిచేత్తో పట్టేవాడు ఒక్కడూ లేడు. అలా పట్టేవాళ్ళు ఆస్పత్రిలో ఉంటారు, లేదా మానేసి బట్టల కొట్టు పెట్టుకుంటారు." గోడకి వేలాడుతున్న తోలు తొడుగుల జత తీసి విసిరాడు. "హాస్కెల్‌వి. చూడండి."

ఎడమ తొడుగు అరచెయ్యి అరిగి గాజుముక్కలా మెరుస్తోంది. కుడిది కొన్న రోజెలా ఉందో అలాగే ఉంది.

"నేను వాణ్ణి చంపదలుచుకుంటే," అన్నాడు వెస్టర్వెల్ట్, "ఎడం మణికట్టు విరిచేవాణ్ణి. నా పనితనానికి అంత మచ్చ తెచ్చుకోను. వాడంటే నాకు ఒళ్ళుమంట, నిజం. కానీ వాడి మోటారు పనిచేయాలని నాకన్నా కోరుకున్నవాడు లేడు. అది పనిచేస్తేనే కదా దాన్లో తప్పులు పట్టగలను!"

గ్రాడీ పగలబడి నవ్వాడు. "గురువుగారూ, మీకు పుణ్యముంటుంది! పత్రికలవాళ్ళని తీసుకురాలేదే అని బాధగా ఉంది. ఒక్క చూపు అన్నందుకు నన్ను ఎగతాళి చేశారు. మీరు చూడకుండానే తేల్చేశారు కదా!"

ప్రెంటిస్ చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కసారి అక్కణ్ణించి వెళ్ళిపోదామనిపించింది. కుళ్ళు అనేది ఎదుటివాడిలో చూసి అదే నేరమనుకున్నాడు. తనలో ఉన్నదాన్ని పట్టుకుని ఊరంతా వెతికాడు. సిగ్గుతో తల దించుకున్నాడు కాబట్టే, అప్పుడు నేల మీది తెల్లటి చార కంటపడింది.

అది కారు ఎడమ పక్కన ఉంది. సీటు కింద బ్యాటరీ పెట్టె మూత వారగా తెరిచి ఉంది. కింద సిమెంటు మీద తడి ఆరిన మచ్చ, దాని చుట్టూ తెల్లగా పొంగి గడ్డకట్టిన పొడి.

"ఇదేంటి?"

"వంటసోడా," అన్నాడు వెస్టర్వెల్ట్ వంగి చూసి. "యాసిడ్ ఒలికింది, మీద సోడా చల్లారు. యాసిడ్ ఘాటు విరిగి ఇలా పొంగుతుంది. పెనుగులాటలో బ్యాటరీ కదిలుంటుంది."

"ఎవరు చల్లారు? మీరా?"

"బ్యాటరీల మొహం నేను చూడను. నాది గాలి."

"హాస్కెల్?"

"వాడా!" ముసలాయన పెదవి విరిచాడు. "యాసిడ్ చేతిమీద పడితే ప్యాంటుకి తుడుచుకునే రకం. సోడా డబ్బా ఒకటుంది గానీ, దాన్ని కిటికీ తలుపు కొట్టుకోకుండా ఆనించి వాడుకునేవాడు."

ముగ్గురూ కిటికీ వైపు చూశారు. కిటికీ తలుపు గాలికి టపటప కొట్టుకుంటోంది. డబ్బా అక్కడ లేదు. పనిబల్ల కింద ప్రెంటిస్‌కి దొరికింది, మూత ఊడి, సగం ఖాళీగా.

యాసిడ్ పడగానే ఆలోచించకుండా సోడా కోసం చెయ్యి చాచేవాడు. మనిషిని కొట్టి, వేలు విరిచి, అంత గాభరాలో కూడా ఆ అలవాటు మానలేనివాడు. బ్యాటరీ పలకలకి వాడే సీసం ముక్కలు జేబులో వేసుకు తిరిగేవాడు. బ్యాటరీల మధ్య పుట్టి పెరిగి, ఇంజన్ హ్యాండిల్ ఎలా పట్టుకోవాలో మాత్రం తెలియనివాడు.

"ఈ డబ్బా హాస్కెల్‌కి ఎక్కడిది?" ప్రెంటిస్ గొంతు అతనికే వేరేగా వినిపించింది.

"క్రిస్మస్‌కి ఆ ఎలక్ట్రిక్ కార్ల లైల్ ఇచ్చాడు. 'నీ ప్యాంట్ల మీద జాలిపడి ఇస్తున్నా' అన్నాడు. ఆ అమ్మాయి మీదో, ప్యాంట్ల మీదో! వారానికోసారి వచ్చి ఇక్కడే కూర్చునేవాడు, మోటారు ఎంతవరకు వచ్చిందని. వస్తే వాడి కార్లు ఎవరు కొంటారు? ఆడవాళ్ళకి పెట్రోలు కారు చేతికొచ్చాక ఇంక... ఏమయ్యా, ఏమైంది?"

ప్రెంటిస్ అప్పటికే షెడ్డు మూల అద్దాల గదిలోని ఫోను దగ్గరికి పరిగెత్తాడు. ఆవిరి గొట్టాల ఉక్కలో కూడా తీయని ఆ తొడుగులు అతని కళ్ళముందు ఆడుతున్నాయి. షోకు కాదది. తొడుగుల కింద యాసిడ్ కాల్చిన వేళ్ళున్నాయి.

ఆపరేటరు ఆస్పత్రికి కలపడానికి ఎంతసేపు పట్టిందో అతనికి తెలియదు. చివరికి నర్సు పలికింది, హుషారుగా.

"ప్రెంటిస్ గారా? మంచి కబురండీ! ఇందాకే పేషెంటు కళ్ళు తెరిచారు. ఏదో చెప్పాలని చూశారు గానీ దవడ కట్టేసి ఉంది కదా, రాలేదు. కాగితం పెన్సిలు తెస్తానని నేను బయటికొచ్చాను."

"లైల్ ఎక్కడ?"

"లోపలే ఉన్నారు. కళ్ళు తెరిచారని చెప్పగానే పాపం ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీరు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నారండీ. నన్ను కూడా రానివ్వలేదు. లోపల గడియ పెట్టుకున్నారు."

"తలుపు బద్దలుకొట్టించు! కేకలు పెట్టు, ఎవర్నైనా పిలువు..." అంటుండగానే అవతల కరకరమని లైను తెగింది.

అతను వెనక్కి తిరిగాడు. గుమ్మంలో గ్రాడీ నిలబడి అంతా విన్నాడు. మొహంలో నవ్వు లేదు.

"కాపలా తీసేసింది నేను," అన్నాడు గ్రాడీ.

"వాణ్ణి పెట్టింది నేను," అన్నాడు ప్రెంటిస్. పొద్దున్నించీ గొంతులో ఇరుక్కున్న మాట అప్పుడు బయటికి వచ్చింది. "రూఫస్, దయచేసి. నీ కారు."

ముగ్గురూ మంచులోకి పరిగెత్తారు. గ్రాడీ ఎగిరి స్టీరింగు ముందు కూర్చుని స్పార్కు మీట వెనక్కి లాగాడు. వెస్టర్వెల్ట్ కారు ముందు వంగి, ఎడమచేత్తో, బొటనవేలు వేళ్ళ పక్కన పెట్టి, హ్యాండిల్‌ని కింద నుంచి పైకి ఒక్క గుంజు గుంజాడు.

చల్లారిపోయిన ఇంజన్ ఒకసారి మూలిగి ఊరుకుంది.

"ఇంకోసారి!" అని అరిచాడు ప్రెంటిస్.

ముసలాయన మళ్ళీ గుంజాడు. ఊపిరి ఆవిరై గడ్డం మీద పేరుకుంటోంది. మూడోసారి గుంజి, హ్యాండిల్ వదలకుండానే తల ఎత్తి షెడ్డు వైపు చూశాడు. అక్కడ పగిలిన మోటారు, బయటికి వేలాడే రాగి తీగలు కనిపిస్తున్నాయి.

"ఒక్క బటన్," అన్నాడు వెస్టర్వెల్ట్, ఏడుపు గొంతుతో. "ఒక్క బటన్‌తో అయిపోయేది, వెధవ!"

మళ్ళీ వంగాడు. ఇంజన్ ఇంకా అందుకోలేదు.